పలచని గాలిలో టర్బో

విజయవాడ ఆటోనగర్‌లో డీజిల్ ఇంజిన్ పని నేర్చుకున్నవాడు ఎత్తు గురించి ఆలోచించనక్కర్లేదు. లారీ చెన్నై వెళ్లినా, కలకత్తా వెళ్లినా సముద్రం పక్క దారే. హైదరాబాద్ కూడా సుమారు 540 మీటర్లే. నేను పనిచేసే ఇథియోపియాలో అలా కుదరదు. ఆ దేశానికి సముద్రతీరం లేదు. దిగుమతుల్లో అధికభాగం జిబౌటి రేవులో దిగుతుంది. అక్కడ నిండిన లారీ అడిస్ అబాబా చేరేసరికి దాదాపు 2,350 మీటర్లు ఎక్కుతుంది. గాలి పీడనం నాలుగింట మూడు వంతులకు పడిపోతుంది. ఇంజిన్ పొగ తోపుతో తిరుగుతూ బయటి గాలిని నొక్కి ఇంజిన్‌లోకి పంపే టర్బోకు అక్కడే కష్టం.

సెలవులో ఇంటికొచ్చినప్పుడు, నాకు పని నేర్పిన బాబాయి షెడ్డులో ఈ సంగతి చెప్పాను. "బండి లాగకపోతే వేస్ట్‌గేట్ రాడ్ బిగించరా, బూస్ట్ అదే పెరుగుతుంది" అని తేల్చేశారు.

బూస్ట్ అంటే టర్బో నొక్కి పెంచిన గాలి పీడనం. వేస్ట్‌గేట్ అంటే పొగలో కొంత భాగాన్ని టర్బో టర్బైన్ చక్రానికి తగలకుండా పక్కకు వదిలే తలుపు. దాని రాడ్ బిగిస్తే పెరుగుతుంది, నిజమే. చిక్కు లెక్కలో ఉంది. ఇంజిన్‌లోకి వెళ్లే గాలి మొత్తం పీడనం 2.5 బార్ కావాలంటే, రేవు దగ్గర బయటి గాలి సుమారు 1 బార్ కాబట్టి టర్బోలో గాలిని నొక్కే చక్రం, అంటే కంప్రెసర్, రెండున్నర రెట్లు నొక్కితే చాలు. అడిస్‌లో బయటి గాలే 0.76 బార్. అదే 2.5 రావాలంటే 3.3 రెట్లు నొక్కాలి. మామూలుగానే నిమిషానికి లక్ష చుట్ల దరిదాపుల్లో తిరిగే చక్రం ఇంకా వేగం అందుకోవాలి. వేస్ట్‌గేట్ బిగించేస్తే ఆ వేగానికి అదుపు పోతుంది. ముందు బేరింగ్, తర్వాత చక్రం. పోనీ డీజిల్ పెంచుదామా? గాలి చాలని చోట డీజిల్ పోస్తే వచ్చేది నల్లపొగ, టర్బైన్‌ను కాల్చే వేడి.

కొత్త లారీల్లో కంప్యూటర్ బయటి పీడనం చూసుకుని వేస్ట్‌గేట్‌నో, టర్బైన్ రెక్కల కోణాన్నో సర్దుతుంది. టర్బో వేగం హద్దుకు చేరగానే డీజిల్ తగ్గిస్తుంది. కొంత శక్తి పోతుంది. డ్రైవర్లు దాన్ని జబ్బనుకుని నా దగ్గరికి వస్తారు. నా దృష్టిలో అది ఇంజిన్ ఆరోగ్యం. చేయగలిగిందల్లా చడావులో ఒక గేరు తగ్గించి ఇంజిన్‌ను చురుగ్గా తిప్పడం. పై గేరులో ఈడ్చితే గాలి వెనక్కి తన్ని టర్బో దగ్గుతుంది.

అసలైన దొంగ ఇంటర్‌కూలర్ పైపు. టర్బో నొక్కితే వేడెక్కిన గాలిని ఇంజిన్‌లోకి వెళ్లేముందు చల్లబరిచేదే ఇంటర్‌కూలర్. చిన్న లీకును రేవు దగ్గర టర్బో కాస్త ఎక్కువ తిరిగి కప్పేస్తుంది. పైకి వచ్చాక కప్పడానికి వేగం మిగలదు. అందుకే జిబౌటిలో సరుకు ఎక్కించేలోపే పైపుల్లో గాలి నింపి, క్లిప్పుల దగ్గర సబ్బునీళ్లు పూసి చూడమంటాను. ఆ ఎండలో ఈ పని పెట్టినందుకు డ్రైవర్లు తిట్టుకుంటారు. తిట్టుకోనీ.