సందెవేళ స్కోప్‌లో పవర్ పెంచకండి, తగ్గించండి

టెక్సాస్‌లో వైట్‌టెయిల్ జింకల సీజన్ నవంబర్ మొదటి శనివారం మొదలవుతుంది, మనవాళ్లు కొందరు ఈసారి కొత్తగా రైఫిళ్లు, వాటి మీద బిగించే స్కోప్‌లు (దుర్భిణులు) కొన్నారు, అందరూ అడిగేది ఒకటే, పొద్దు గుంకాక స్కోప్‌లో ఏం కనపట్లేదన్నా, ఇంకా ఖరీదైంది కొనాలా అని. ఇప్పుడే కొనక్కర్లేదు. ముందు పవర్, అంటే ఎన్ని రెట్లు పెద్దగా చూపించాలో ఆ అంకె, తగ్గించి చూడండి. (ఇండియాలో 1972 చట్టంతో వేట బంద్ అయింది కాబట్టి అక్కడ చదివేవాళ్లు దీన్ని ఇక్కడి సంగతిగానే చదవండి.)

స్కోప్ లేని వెలుతుర్ని పుట్టించదు, అది నైట్ విజన్ కాదు. ముందు లెన్స్‌లోంచి వెళ్లిన వెలుతురు వెనకవైపు చిన్న గుండ్రంగా బయటికొస్తుంది, ముందు లెన్స్ సైజుని పవర్‌తో భాగిస్తే ఆ గుండ్రం ఎంతో తెలిసిపోతుంది. ఎక్కువమంది దగ్గరుండే 3-9x40 తీసుకోండి (పవర్ 3 నుంచి 9 దాకా, ముందు లెన్స్ 40 ఎంఎం), 9 మీద పెడితే 4.4 ఎంఎం, 6 మీద 6.7. చీకట్లో కుర్రాళ్ల కంటిపాప దాదాపు 7 ఎంఎం దాకా తెరుచుకుంటుంది, అంటే 9 మీద పెట్టినప్పుడు మీ కన్ను తీసుకోగలిగినంత వెలుతురు స్కోప్ ఇవ్వట్లేదు, జింక పెద్దగా కనిపిస్తుంది కానీ మసగ్గా. అలాగని 3కి దించేస్తే గుండ్రం 13 ఎంఎం అవుతుంది, కన్ను తీసుకునేది మాత్రం అదే 7, జింక చిన్నదైపోవడం తప్ప లాభం లేదు. అందుకే 6 దగ్గర ఆగమంటాను. యాభై దాటినవాళ్లకి పాప 5 దగ్గరే ఆగిపోవచ్చు, వాళ్లకి 8 పవర్ కూడా సరిపోతుంది. జర్మనీ వేటగాళ్లు ఎన్నో ఏళ్లుగా 8x56 వాడేది ఈ లెక్కతోనే, 56ని 8తో భాగిస్తే 7.

ఇంకోటి రెటికల్, అంటే స్కోప్‌లో గురికోసం కనిపించే గీతలు. సన్నటి క్రాస్‌హెయిర్ చీకటి పొదల ముందు కనిపించకుండా పోతుంది, లావు గీతలుండేది మేలు. ఎర్రచుక్క వెలిగేదైతే కనపడీ కనపడనంత తక్కువలో పెట్టండి, ఎక్కువ పెడితే కంటిపాప ముడుచుకుపోయి చుక్క తప్ప జింక కనపడదు. ఫోన్ కూడా అంతే, కన్ను చీకటికి పూర్తిగా అలవాటు పడటానికి ఇరవై, ముప్పై నిమిషాలు పడుతుంది, వాట్సాప్ ఒక్కసారి తెరిస్తే అదంతా పోయినట్టే.

ఇవన్నీ ఒకెత్తు, అక్కడున్నది ఏంటో తెలుసుకోవడం ఒకెత్తు. స్కోప్‌తో వెతకొద్దు, దయచేసి. స్కోప్ ఎటు తిప్పితే తుపాకీ అటే తిరుగుతుంది, ఆ కదిలేది పక్కన వేటకి లీజుకి తీసుకున్న స్థలంలోని మనిషి కావచ్చు, ఆవు కావచ్చు, పైగా మసకలో ముందు నల్లబడేది ఎరుపే, ఎర్రచొక్కా ఎర్రగా కనిపిస్తుందనుకోవద్దు. మెడలో 8x42 బైనాక్యులర్ ఉండాలి, చూడటం దాంతోనే. ఇక్కడ చాలా కౌంటీల్లో మగజింకకి రెండు కొమ్ముల మధ్య లోపలి వెడల్పు కనీసం 13 అంగుళాలుండాలి, లేదంటే ఒక కొమ్మయినా చీలకుండా ఉండాలి, చీకటి పడే వేళ ఆ తేడా పట్టడం బాగా అలవాటున్నవాళ్లకే కష్టం. అనుమానం ఉంటే వదిలేయండి, రేపు మళ్లీ వస్తుంది, రాకపోయినా పర్లేదు.

టైం కూడా చూసుకోండి. సూర్యాస్తమయం అయ్యాక అరగంట వరకే జింకని కాల్చొచ్చు, నవంబర్ చివర్లో డల్లాస్ వైపు 5:20కే పొద్దు పోతుంది, అంటే 5:50కి అయిపోయినట్టు, మంచి స్కోప్‌లో ఆ తర్వాత కూడా బాగానే కనిపిస్తుంది, అయినా సరే తుపాకీ చాంబర్‌లోని తూటా తీసేసి బ్లైండ్ (దాక్కుని కూర్చునే మంచె) దిగిపోవడమే. అడవిపందులకి ఈ టైం రూల్ లేదు, వాటిని రాత్రిపూట ఒంటి వేడిని పట్టి చూపించే థర్మల్ స్కోప్‌తో కాలుస్తారు, అది వేరే లెక్క, ఇంకోసారి రాస్తా.