వ్యానులో నాయనమ్మ

ఆస్ట్రేలియాలో, అడిలైడ్‌లోని మా ఇంట్లో అత్తయ్యగారికీ పిల్లలకూ మధ్య దుబాసీ ఉద్యోగం నాదే. ఆమె అడిగింది వాళ్లకు ఇంగ్లీషులో చెప్పాలి, వాళ్లు గొణిగింది ఆమెకు తెలుగులో చెప్పాలి. జులై సెలవుల్లో క్యాంపర్‌వ్యాన్ అద్దెకు తీసుకుని, దేశం నడిమధ్యన ఉన్న పెద్ద రాతికొండ ఉలూరుకు బయల్దేరాక ఆ ఉద్యోగం ఊడింది. మావారు డ్రైవింగ్, నేను పక్కన మ్యాపు. వెనక ముగ్గురూ మోకాళ్లు తగిలేంత ఇరుకులో. సుమారు 1,600 కిలోమీటర్ల దారి. పోర్ట్ అగస్టా దాటితే చాలాచోట్ల ఫోనుకు సిగ్నలే ఉండదు. మాట్లాడుకోక ఏం చేస్తారు?

స్టువర్ట్ హైవే మీద రోడ్ ట్రైన్లు తిరుగుతాయి. వరసగా ట్రైలర్లు తగిలించిన లారీలు, పొడవు 53 మీటర్ల దాకా ఉంటుంది. ఎదురుగా వచ్చి దాటిపోతుంటే ఆ గాలికి వ్యాను ఊగిపోయేది. అత్తయ్యగారు "ఆంజనేయా!" అనేవారు. కాసేపటికి దూరాన లారీ కనబడగానే మావాడే ముందు "ఆంజనేయా!" అని అరవడం మొదలుపెట్టాడు. పందెం కూడా కట్టుకున్నారు.

చీకటి పడితే కంగారూలు అడ్డొస్తాయి కాబట్టి ఎండ ఉండగానే బండి ఆపేవాళ్లం. గ్యాసు పొయ్యి మీద పప్పు, అన్నం, సీసాలో ఆవకాయ. అంతే.

దారిలో వచ్చే గనుల ఊరు కూబర్ పీడీలో ఎండలకు తట్టుకోలేక చాలామంది నేల తొలిచి కట్టుకున్న ఇళ్లలో ఉంటారు. 1915లో అక్కడ ఓపల్ అనే రత్నపు రాయి మొదట దొరికింది పద్నాలుగేళ్ల కుర్రాడికని చదివి పిల్లలకు ఆశ పుట్టింది. గనుల నుంచి తోడిపోసిన రాతిపొడిలో ఎవరైనా వెతుక్కోవడానికి ఊళ్లో స్థలం వదిలారు. పిల్లలు గుప్పిళ్లతో తవ్విపోస్తుంటే అత్తయ్యగారు గొంతుక్కూర్చుని, స్టీలు పళ్లెంలో పలచగా పరిచి, వేలితో ఒక్కో పలుకూ పక్కకు నెట్టారు. బియ్యంలో రాళ్లేరిన చెయ్యి కదా! గోరులో సగమున్న ముక్క ఒకటి తేలింది. తిప్పితే పచ్చగా మెరిసింది. మా అమ్మాయి మారు మాట్లాడకుండా వంటసామాన్లలోంచి ఇంకో పళ్లెం తెచ్చుకుంది.

ఉలూరును ప్రభుత్వం అక్కడి ఆదివాసులైన అనంగు ప్రజలకు 1985లో తిరిగి అప్పగించింది. 2019 నుంచి దాన్ని ఎక్కడం నిషేధం. చుట్టూ నడిచే దారిలో కొన్ని చోట్ల ఫోటోలు తీయవద్దని బోర్డులుంటాయి. అమ్మాయి బడిలో ఇదంతా చదివింది. "నాయనమ్మా, ఇక్కడ ఫోటో వద్దు. ఇది వాళ్ల కథ, వాళ్లకు దేవుడు లాగా" అంది. నేను వివరించబోయేలోపే అత్తయ్యగారు ఫోను సంచిలో వేసేశారు. "గర్భగుడిలో ఫోటోలు తీస్తామా ఏమిటి?" అన్నారు. ఆదివారం తెలుగు క్లాసులకు పిల్లల్ని తిప్పేది నేను, ఈ పాఠం చెప్పింది ఇక్కడి బడి. ఏ సంస్కృతి ఖాతాలో రాసుకోవాలో మరి!

ఆ ప్రదక్షిణ 10.6 కిలోమీటర్లు. సగంలోనే మావాడు కాళ్లు నొప్పులన్నాడు. "అరుణాచలంలో పద్నాలుగు నడిచాను, చెప్పుల్లేకుండా" అన్నారామె. వాడు ఆగి ఆలోచించి, డిసెంబరులో తానూ అరుణాచలం వస్తానని, కానీ బూట్లతోనేనని బేరం పెట్టాడు. సాక్సుల దాకా ఒప్పుకున్నారు అత్తయ్యగారు. బేరం ఇంకా తెగలేదు. ఆమె ఇండియా వెళ్లిపోయాక కూడా వారం వారం ఫోనులో నడుస్తోంది, నా అవసరం లేకుండానే.