మూడు శ్రుతి

కచేరీ ఇంకా తొమ్మిది రోజులే. ఇవాళ రెండున్నర గంటల రిహార్సల్లో గంటసేపు శ్రుతి దగ్గరే, అంటే పాటకి ఆధార స్వరం ఎంత ఎత్తులో పెట్టాలన్న దగ్గరే పోయింది.

వర్సిటీ బృందంలో మేం పదిమంది ఆడపిల్లలం, మగపిల్లలు ఆరుగురు. మాకు ఐదు శ్రుతి హాయి, వాళ్లకి ఒకటి; అంకె పెరిగితే ఎత్తు పెరిగినట్టే. ఎవరికి వాళ్లు పాడుకుంటే గొడవ లేదు. కలిసి త్యాగయ్యగారి శ్రీరాగ పంచరత్నం ఎత్తుకున్నామా, మొదలు! ఐదులో పెడితే అనుపల్లవిలో పై షడ్జం (పై 'స') దాటగానే మగపిల్లల మెడనరాలు తేలాయి. ఒకటికి దించితే మా గొంతులు నూతిలో పడ్డాయి, పెదాలు కదులుతున్నాయి గానీ మాట బయటికి రాదు. చివరికి మాస్టారు శ్రుతిబాక్సు మూడు దగ్గర ఆపి, "అందరికీ సమానంగా కష్టం" అన్నారు.

మృదంగం అబ్బాయి మొహం అప్పుడు చూడాలి. అతనిది తగ్గు శ్రుతి వాయిద్యం. రాయీ కొయ్యపుల్లా పట్టుకుని అంచు చుట్టూ ఎంత కొట్టినా ఒకటిన్నర దాటనంది. ఈలోగా ఎడమవైపు అద్దిన రవ్వముద్ద ఎండి పెచ్చులుగా రాలిపోయింది. అది లేకపోతే ఆ వైపు గుమ్మనదు. పాపం, సీసాలో నీళ్లతో మళ్లీ రవ్వ తడిపి, వేళ్లతో ఒత్తి అంటించాడు. ఎవరి దగ్గరైనా ఎక్కువ శ్రుతి పలికే పొట్టి మృదంగం అరువు తెస్తానన్నాడు.

మా తర్వాత చెన్నై విద్వాంసుడి వయొలిన్. ముందురోజు రాత్రి పినాకిని రైల్లో దిగుతారట. ఆయన వాయిస్తే మా తప్పులు ఎవరికీ గుర్తుండవని సంధ్య ధైర్యం. నాకు మాత్రం అదే టెన్షన్, మేం పాడేటప్పుడు ఆయన ముందు వరసలోనే ఉంటారుగా! ఆయన సంగతి సరే, ఈ బెజవాడ శ్రోతలో? ఇక్కడి ప్రభుత్వ సంగీత కళాశాలకి మొదటి ప్రిన్సిపాల్ బాలమురళీకృష్ణగారు. 2021లో పద్మశ్రీ వచ్చిన వయొలిన్ విద్వాంసులు అన్నవరపు రామస్వామిగారిదీ ఈ ఊరే. ఇద్దరూ పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారి శిష్యులు. అలాంటివాళ్లని విన్న చెవులు వీధికి రెండైనా ఉంటాయి.

మా ఇంట్లోనే ఒక జత ఉంది. వారధి మీద ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఎనిమిదింటికి ఇల్లు చేరి, ఫోన్లో రికార్డు చేసింది నాన్నకి వినిపించాను. కళ్లు మూసుకుని చరణందాకా విన్నారు. బాగుందంటారని చూస్తున్నా.

"ఆ మృదంగం ఏ శ్రుతిలో ఉందే?" అన్నారు.

పొద్దున్నే ఆ అబ్బాయికి ఫోన్ చేయాలి.