గీత పడింది, కానీ ఎప్పటిది?

సుఖవ్యాధి అయిన సిఫిలిస్‌కి చేసే ర్యాపిడ్ టెస్టులో రెండో గీత కనిపించగానే, ఆ మనిషికి ఇప్పుడు జబ్బు ఉందని చాలామంది అనుకుంటారు. కొందరు అక్కడితో ఆగకుండా అతని నడవడిక కూడా తేల్చేస్తారు. నేను ఒడిశాలోని జయపురంలో ఒక చిన్న ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. కొరాపుట్, మల్కన్‌గిరి కొండల మీది నుంచి వచ్చేవాళ్ల రక్తం చూస్తుంటాం కాబట్టి, ఆ గీత ఎంతవరకు నిజం చెబుతుందో మిగతా ఊళ్ల వాళ్లకంటే మాకు ఎక్కువ తెలిసి ఉండాలి.

కలిమెల వైపు నుంచి ఒక పెద్దాయన్ని కొడుకు తీసుకొచ్చాడు. కంటి శుక్లాల ఆపరేషన్ కోసం వేరేచోట చేయించిన రిపోర్టులో ఎర్ర ఇంకుతో ‘సిఫిలిస్ పాజిటివ్’ అని రాసి ఉంది. కాగితం నా బల్ల మీద పెట్టి, "మేడమ్, మా అయ్య అలాంటోడు కాదు" అన్నాడు కొడుకు. పెద్దాయన తల ఎత్తలేదు. "తాతా, చిన్నప్పుడు ఒంటి మీద పుండ్లేమన్నా లేచాయా?" అని అడిగాను. పంచె పైకి జరిపి మోకాలి కింద పాత మచ్చ చూపించాడు. ఊళ్లో పిల్లలందరికీ వచ్చేవట. జీపులో వచ్చినవాళ్లు సూదులు వేసి వెళ్లారట.

అది యాస్ అయి ఉండొచ్చు. సిఫిలిస్ తెచ్చే ట్రెపోనిమా పాలిడం అనే క్రిమిలోనే ఇంకో ఉపజాతి వల్ల యాస్ వస్తుంది. ఎక్కువగా పిల్లలకే వచ్చేది, పుండు ఒంటికి తగిలితే అంటుకునేది. లైంగిక సంబంధంతో దానికి పని లేదు. దేశంలో దాన్ని నిర్మూలించే కార్యక్రమం 1996-97లో మొదలైంది మా కొరాపుట్ జిల్లాలోనే. 2003 తర్వాత కొత్త కేసు రాలేదు. 2016లో భారతదేశం యాస్ లేని దేశమని ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తించింది. కానీ అంతకుముందు జబ్బుపడ్డ పిల్లలు ఇప్పుడు పెద్దవాళ్లయ్యారు, కొందరు ముసలివాళ్లయ్యారు. వాళ్ల రక్తంలో యాంటీబాడీలు మిగిలే ఉండొచ్చు. అవి యాస్ వల్ల వచ్చాయా, సిఫిలిస్ వల్ల వచ్చాయా అన్నది ఏ రక్త పరీక్షా విడదీసి చెప్పలేదు. పుండు ఉన్నప్పుడు అందులోంచి తీసిన నమూనాకి జన్యు పరీక్ష చేస్తేనే తెలుస్తుంది. మానిపోయిన మచ్చతో ఏమీ తేలదు.

ర్యాపిడ్ టెస్టు వెతికేది ఈ క్రిమికి వ్యతిరేకంగా ఒళ్లు తయారుచేసుకున్న యాంటీబాడీలనే. చికిత్స పూర్తయినా చాలామందిలో అవి జీవితాంతం ఉంటాయి. జబ్బు ఇప్పుడు చురుగ్గా ఉందా అన్నదానికి ఆర్‌పీఆర్ గానీ వీడీఆర్‌ఎల్ గానీ అనే వేరే రక్త పరీక్ష చేయాలి. ఆర్‌పీఆర్ కార్డు మీద సీరం చుక్కలో బొగ్గు రేణువులున్న ద్రావణం కలిపి 8 నిమిషాలు తిప్పుతాం. రేణువులు నల్లగా ముద్దకడితే పాజిటివ్. తర్వాత సీరాన్ని పలచన చేసుకుంటూ ఎంతవరకు ముద్దకడుతుందో చూసి, ఆ ఆఖరి పలచన స్థాయిని టైటర్‌గా రాస్తాం. చికిత్స తర్వాత 1:32 ఉన్నది 1:8కి దిగితే మందు పనిచేసినట్టు. దీనికీ లోపాలున్నాయి. మలేరియా, కుష్టు, లూపస్, ఒక్కోసారి గర్భం వల్ల కూడా తప్పుడు పాజిటివ్ వస్తుంది. యాంటీబాడీలు మరీ ఎక్కువగా ఉంటే నెగెటివ్‌లా కనిపిస్తుంది, అప్పుడు పలచన చేసి చూడాలి.

పెద్దాయనకి ఆర్‌పీఆర్ నెగెటివ్ వచ్చింది. అయినా పాత సిఫిలిస్‌లో చికిత్స లేకుండానే కొందరికి అది నెగెటివ్ అయిపోతుంది. పాత సూది తాలూకు కాగితం ఎలాగూ లేదు. అందుకే డాక్టరుగారు వారానికొకటి చొప్పున మూడు బెంజథిన్ పెన్సిలిన్ ఇంజెక్షన్లు రాశారు. ఆపరేషన్ కూడా అయింది. ఆ ఎర్ర అక్షరాల పక్కన ‘ఇది పాత యాంటీబాడీ కూడా కావచ్చు, ఆర్‌పీఆర్ చేయించండి’ అని ఒక్క ముక్క రాసి ఉంటే ఆ తండ్రీకొడుకులకి అంత అవమానం తప్పేది. నాకు ఇప్పటికీ దాని మీద కోపం పోలేదు.

ఇక ఖచ్చితత్వం లెక్క. ఈ కిట్లు జబ్బు తగిలినవాళ్లని పట్టుకోవడంలో 85 నుంచి 98 శాతం, లేనివాళ్లని లేదని చెప్పడంలో 92 నుంచి 98 శాతం సరిగ్గా ఉంటాయని అధ్యయనాలు చెబుతున్నాయి. వినడానికి బాగానే ఉంది. వెయ్యిమంది గర్భిణుల్లో 5 మందికే ఇది సోకిందనుకోండి. 98 శాతం సరిగ్గా చెప్పే కిట్టుతోనైనా మిగతా 995 మందిలో 2 శాతం, అంటే సుమారు 20 మందికి ఊరికే గీత పడుతుంది. అసలైనవాళ్లు ఐదుగురు, అనవసరంగా భయపడేవాళ్లు ఇరవైమంది. అదే వెయ్యిలో వందమందికి సోకినచోట అదే కిట్టు పాజిటివ్ చూపితే చాలావరకు నిజమే అవుతుంది.

నెగెటివ్ వచ్చినా పూర్తిగా నమ్మడానికి లేదు. సోకిన తొలి వారాల్లో యాంటీబాడీలు తయారై ఉండవు. పుండు ఉండి నెగెటివ్ వస్తే డాక్టరుకి చూపించి, కొన్ని వారాలాగి మళ్లీ పరీక్ష చేయించాలి. వేలి నుంచి తీసిన రక్తంతో చేస్తే సీరం కంటే కాస్త తక్కువగా పట్టుకుంటుంది. మా వానాకాలం తేమలో కిట్టు సంచీ ముందే చింపిపెట్టినా, దాంతో వచ్చే కరపత్రంలో చెప్పిన టైము దాటాక చదివినా ఫలితం నమ్మలేం.

ఇంత చెప్పాక కూడా, గర్భిణికి ర్యాపిడ్ టెస్టు పాజిటివ్ వస్తే ఆర్‌పీఆర్ కోసం ఆగకుండా ఆ రోజే 24 లక్షల యూనిట్ల బెంజథిన్ పెన్సిలిన్ వేయించాలనే నేను గట్టిగా చెబుతాను. అలర్జీ ఉందేమో ముందు అడగాలి. అనవసరంగా ఒక ఇంజెక్షన్ పడటం కంటే, కడుపులో బిడ్డ చనిపోవడమో జబ్బుతో పుట్టడమో ఎంతో ఘోరం. కాన్పుకి కనీసం 30 రోజుల ముందే మందు పడాలి, భర్తకీ పరీక్ష, చికిత్స జరగాలి. ఆ తర్వాత ఆర్‌పీఆర్ తీరిగ్గా చేయవచ్చు.

మా దగ్గర తెలుగువాళ్ల ఇళ్లలో తొలి కాన్పుకి సాలూరుకో విజయనగరానికో పుట్టింటికి వెళ్తారు. రాష్ట్రం మారుతుంది, డాక్టరు మారతారు. అందుకే ఇంజెక్షన్ వేసిన తేదీ, ఆర్‌పీఆర్ టైటర్ రాసిన కాగితం వెంట పెట్టుకెళ్లమని ప్రతి అమ్మాయికీ చెబుతాను. పుట్టిన బిడ్డకి ర్యాపిడ్ టెస్టు చేస్తే తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీల వల్ల చాలా నెలలపాటు పాజిటివే రావచ్చు. అక్కడి డాక్టరు బిడ్డ టైటర్‌ని తల్లి టైటర్‌తో పోల్చి చూస్తారు. బిడ్డది నాలుగు రెట్లు ఎక్కువుంటే బిడ్డకీ సోకినట్టే. అంత లేకపోయినా తల్లికి ఏ మందు, ఎప్పుడు పడిందో చూసే ఏం చేయాలో నిర్ణయిస్తారు.