గుడ్డసంచీలో రసీదులు

న్యూజిలాండ్‌లోని ఆక్లండ్‌లో నా మొదటి ఏప్రిల్ అది. ఇంటద్దె రసీదులు, డాక్టరు బిల్లులు, బీమా కాగితాలు గుడ్డసంచీలో సర్దుకుని, మా గిడ్డంగిలో లెక్కలు చూసే పెద్దావిడ దగ్గరికి వెళ్ళాను, పన్ను లెక్కలకు మంచి ఆడిటర్ ఎవరైనా ఉంటే చెప్పమని.

ఆవిడ సంచీలోకి తొంగిచూసి, "జీతం కాక వేరే సంపాదన ఉందా?" అంది. లేదన్నాను. "మరి ఈ చెత్తంతా ఎందుకు మోసుకొచ్చావు? వెళ్ళి పని చూసుకో" అంది.

నాకు ముఖం చెల్లలేదు. రసీదును చెత్త అనడం మా ఇంట్లో ఎన్నడూ వినలేదు.

జూన్‌లో నా ఖాతాలో కొన్ని డాలర్లు వచ్చి పడ్డాయి. మోసమేమోనని భయపడ్డాను. పన్ను శాఖే లెక్క కట్టి, ఎక్కువ పట్టుకున్నది వెనక్కి పంపిందట! 2019 నుంచి ఇక్కడ జీతగాళ్ళలో చాలామందికి ఇదే పద్ధతి. అద్దె, జీవిత బీమా చూపించి పన్ను తగ్గించుకునే వీలే లేదు కనుక కాగితాలతో పనీ లేదు.

చిత్తూరులో మా నాన్నది కిరాణా కొట్టు. 2017లో జీఎస్టీ వచ్చాక, చిన్న వర్తకుల కోసం పెట్టిన కాంపోజిషన్ పథకంలో చేరారు. అమ్మకాల మీద 1 శాతం కడితే చాలు, చాలా సులువన్నారు. ఆ సులువేమిటో తెలుసుకోవడానికే ఆడిటర్ గారి వరండాలో రెండు పూటలు కూర్చున్నారు.

అలాగని ఇక్కడి పద్ధతిని నెత్తిన పెట్టుకోలేను. ఇక్కడ జీఎస్టీ 15 శాతం. బియ్యానికీ, పాలకూ, చివరికి కొత్తిమీర కట్టకూ అంతే. మినహాయింపులు మొదలైతే తగాదాలూ మొదలవుతాయని వీళ్ళ వాదం. మా తోతాపురి మామిడిని తలచుకుంటే కాదనలేను: కాయకు పన్ను లేదు, గుజ్జు తీస్తే 12 శాతం ఉండేది, 2025 సెప్టెంబరులో 5కు దించారు. అయినా కూరగాయల రసీదు చూసినప్పుడల్లా చిత్తూరు బజారులో గంప ముందు కూర్చున్న అవ్వే గుర్తొస్తుంది. ఆమె టమాటాకు పన్ను వేయని చిక్కుల లెక్కే నాకు నయమనిపిస్తుంది. దూరాన ఉన్నాను కనుక అలా అనిపిస్తుందేమో. ఆ వరండాలో కూర్చునేది నేను కాదు కదా.

డబ్బు తిరిగొచ్చిన సంగతి నాన్నకు ఫోనులో చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు.

"అడగకుండానే ఇచ్చారా?"

"అవును నాన్నా."

"సరే. ఆ రసీదులు మాత్రం పారేయకు."

సంచీ ఇప్పటికీ మంచం కిందే ఉంది.