మడమ

ఆసుపత్రిలో చేరిన మూడో రోజు రాత్రి రెండింటికి నైట్ డ్యూటీ సిస్టర్ వచ్చి, "సార్, గట్టిగా ఊపిరి పీల్చుకుని, మళ్లీ పీల్చకుండా ఒకటి నుంచి లెక్కపెట్టండి" అంది. సాయంత్రం 28 దాకా చెప్పాను. పదింటికి 19. ఇప్పుడు 11 దగ్గరే ఆగిపోయాను. వేలికి పెట్టిన మిషన్‌లో ఆక్సిజన్ 97 చూపిస్తూనే ఉంది. అది చూసి మా ఆవిడ ధైర్యంగానే ఉంది. సిస్టర్ మాత్రం ఆ అంకెను నమ్మలేదు. డ్యూటీ డాక్టర్‌కి ఫోన్ చేసి, ఆయన వచ్చేలోపే నన్ను ఐసీయూకి మార్చడానికి అన్నీ సిద్ధం చేసేసింది. నాకొచ్చిన ఈ నరాల జబ్బులో ఊపిరి కండరాలు బాగా అలిసిపోయేదాకా ఆక్సిజన్ అంకె తగ్గదనీ, అది తగ్గేదాకా ఆగితే ఆలస్యమైపోతుందనీ నాకు తర్వాత తెలిసింది. గంట తిరగకుండానే నా గొంతులో వెంటిలేటర్ గొట్టం ఉంది.

నేను మిర్యాలగూడ దగ్గర ఒక ప్రాథమిక పాఠశాలలో టీచర్ని. 2022 వానాకాలంలో నాలుగు రోజులు విరేచనాలు పట్టుకుని తగ్గాయి. రెండు వారాలకు అరికాళ్లలో తిమ్మిర్లు మొదలయ్యాయి. ఒకరోజు బోర్డు మీద రాస్తుంటే సుద్దముక్క జారింది. తీద్దామని కూర్చుంటే మళ్లీ లేవలేకపోయాను. దగ్గర్లో చూపిస్తే నీరసమని చెప్పి, బలానికి ఇంజెక్షన్ వేసి పంపారు. ఆ రోజు వృథా అయిందన్న బాధ ఇప్పటికీ ఉంది. మర్నాడు హైదరాబాద్‌లో నరాల డాక్టర్ మోకాలి కింద చిన్న సుత్తితో కొడితే కాలు కొంచెం కూడా ఎగరలేదు. గులియన్ బారే సిండ్రోమ్ అన్నారు.

రోగాన్ని ఎదిరించాల్సిన ఒంటి శక్తే నరాల మీద తిరగబడుతుంది. నరం పైపొర దెబ్బతిని, మెదడు చెప్పేది కండరానికి అందదు. లక్షమందిలో ఏడాదికి ఒకరిద్దరికి వస్తుందట. ఆ దాడిని ఆపడానికి ఇమ్యునోగ్లోబులిన్ అనే మందు కిలో బరువుకు 0.4 గ్రాముల చొప్పున ఐదు రోజులు ఎక్కించారు. ఆ ఖర్చుకు మా ఆవిడ ఒంటి మీద పుస్తెలతాడు తప్ప బంగారం మిగల్లేదు. అయితే ఆ మందు దాడిని ఆపుతుంది కానీ, దెబ్బతిన్న నరాన్ని అప్పటికప్పుడు బాగుచేయదు. అది బాగయ్యేదాకా నెలలు పడుతుంది. అన్ని రోజులూ మనిషిని కాపాడుకుంటూ రావాల్సింది నర్సులే.

24 రోజులు వెంటిలేటర్ మీద ఉన్నాను. చేతులు, కాళ్లు, ముఖం ఏవీ కదలవు. రెప్పలు కూడా పూర్తిగా మూతపడేవి కావు. కళ్లు ఎండిపోకుండా రెండు గంటలకోసారి చుక్కలు వేసి, రాత్రి ఆయింట్‌మెంట్ పెట్టి, రెప్పల మీద టేపు అంటించేవాళ్లు. చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఈ జబ్బులో తెలివి ఎక్కడికీ పోదు. నాకు అన్నీ వినిపించేవి. నొప్పి అయితే మామూలు కంటే ఎక్కువగా తెలిసేది. దుప్పటి మడత కూడా కత్తిలా గుచ్చుకునేది.

ఒక రాత్రి ఇద్దరు వచ్చి, ఏమీ చెప్పకుండా నన్ను పక్కకు దొర్లించి, నా మీదుగానే చీటీ డబ్బుల గురించి మాట్లాడుకున్నారు. "ఈయనకేం తెలుస్తుందిలే" అంది ఒకామె. ఆ మాట నన్ను జబ్బు కంటే ఎక్కువ భయపెట్టింది.

కేరళ నుంచి వచ్చిన సిస్టర్ అలా కాదు. డ్యూటీ ఎక్కగానే నా ముఖానికి ఎదురుగా వచ్చి, "సార్, ఇవాళ బుధవారం, పొద్దున్న ఎనిమిదైంది, బయట వాన" అని చెప్పేది. కఫం తీసే ముందు, "గొట్టం పెడుతున్నా సార్, పది లెక్కపెట్టేలోపు తీసేస్తా" అనేది. ఆ గొట్టం లోపలికి దిగితే ఛాతీ పగిలిపోతున్నట్టు ఉండేది. ఒకసారి నా నాడి 110 నుంచి ఒక్కసారిగా 45కి పడిపోయి అలారం మోగింది. వెంటనే గొట్టం తీసి, ఆక్సిజన్ పెంచి, అంకె మళ్లీ ఎక్కేదాకా నా భుజం మీద చెయ్యి వేసి నిలబడింది. ఒళ్లు తుడిచే ఆయమ్మ కూడా, "బిడ్డా, జర ఓర్చుకో, అటు తిప్పుతున్న" అని చెప్పాకే ముట్టుకునేది.

తొమ్మిదో రోజు నుంచి మడమల్లో మంట. మడమలు పరుపుకు ఒత్తుకుని కాలిపోతున్నట్టు ఉండేది. చెప్పే దారి లేదు. నాడి పెరగడం చూసి సిస్టర్ "నొప్పా?" అని అడిగింది. కనుగుడ్లు పైకి తిప్పాను. నేను కదపగలిగింది అవే. పైకి చూస్తే అవును, కిందికి చూస్తే కాదు అని అప్పటికే పెట్టుకున్నాం. తల? కాదు. వీపు? కాదు. గొంతు? కాదు.

ఆమెకు తెలుగు చదవడం రాదు. కానీ మలయాళం వర్ణమాల వరుస కూడా మనదే కదా. పాత ఫైలు అట్ట తెచ్చి, దాని మీద తన లిపిలోనే అక్షరాలు రాసుకుంది. "క వరుసా? చ? ట? త? ప?" అని అడిగింది. పైకి చూశాను. "ప, ఫ, బ, భ, మ?" మళ్లీ పైకి. మ. తర్వాత ట వరుసలో డ. మళ్లీ మ. పదహారేళ్లు పిల్లలతో అక్షరాలు దిద్దించినవాణ్ని, మూడక్షరాలు చెప్పడానికి పావుగంట పట్టింది. ఆమె అట్ట వైపు చూసి, "మడంబా!" అంది. వాళ్ల భాషలోనూ మడమను అలాగే అంటారట. వెంటనే దుప్పటి తీసి, పిక్కల కింద దిండు పెట్టి, రెండు మడమలూ గాలిలో ఉండేలా లేపింది. ఎర్రగా కమిలి ఉన్నాయట, ఇంకో రోజైతే పుండు పడేదట. ఆ క్షణం కలిగిన హాయి ఇప్పుడు తలుచుకున్నా కళ్లలో నీళ్లొస్తాయి. ఆ రోజు నుంచి నా మంచం దగ్గరి చార్టులో "మడమలు పరుపుకు తగలకూడదు" అన్న లైను చేరింది.

ముందు భుజాలకు బలం వచ్చింది, పాదాలకు చివర. మొదటిసారి మంచం తల వైపు ఎత్తి కూర్చోబెడితే బీపీ పడిపోయి కళ్లు తిరిగాయి. రోజూ కొంచెం కొంచెంగా ఎత్తుతూ అలవాటు చేశారు. పక్కకు తిప్పడం, ముక్కు గొట్టంలో జావ పోయడం, వేళ్లూ కీళ్లూ బిగుసుకోకుండా కదిలించడం మా ఆవిడ సిస్టర్ దగ్గరే నేర్చుకుంది. ఇంటికొచ్చాక నాలుగు నెలలు ఆమే నా నర్సు. ఐదో నెలలో పాదం వేలాడకుండా పట్టీ కట్టుకుని పది అడుగులు వేశాను. పదో నెలలో బడికి వెళ్లాను. ఇప్పటికీ సాయంత్రానికి కాళ్లు లాగుతాయి, అరికాళ్లు దూది మీద నడుస్తున్నట్టే ఉంటాయి.

2025 జనవరిలో పుణెలో ఈ కేసులు ఎక్కువయ్యాయని వార్తలు వచ్చినప్పుడు, తెలిసినవాళ్లు టెన్షన్‌తో ఫోన్లు చేశారు. కాళ్లలో బలం తగ్గుతూ పైకి పాకుతుంటే ఒక్క రోజు కూడా ఆగకుండా పెద్దాసుపత్రికి వెళ్లమని చెప్పాను. మంచం పట్టినవాళ్ల ఇంట్లోవాళ్లకు మాత్రం మడమల సంగతి కూడా చెప్పాను.

నడిచి వెళ్లి ఆ సిస్టర్‌కి కనిపించాలని ఎంతో అనుకున్నాను. నేను వెళ్లేసరికి ఆమె ఉద్యోగం మానేసి విదేశం వెళ్లిపోయింది. ఆయమ్మ ఉంది. నన్ను పైనుంచి కింది దాకా చూసి, కొంగుతో కళ్లు తుడుచుకుని, ఆ ఫైలు అట్ట తెచ్చి ఇచ్చింది. ఇప్పుడది మా ఇంట్లో బీరువాలో ఉంది. నాకు మలయాళం చదవడం రాదు. వరుస తెలుసు కాబట్టి, ఏది మ, ఏది డ అన్నది మాత్రం గుర్తుపడతాను.