"మరి లింకన్ ఏ పార్టీ?"

సివిల్స్ మెయిన్స్‌కి హిస్టరీ ఆప్షనల్ తీసుకున్నవాళ్ళకి వరల్డ్ హిస్టరీ అంటే కొంచెం టెన్షనే. నన్ను బాగా తిప్పలు పెట్టింది అమెరికా. నెపోలియన్‌నీ బిస్మార్క్‌నీ కథలా చదివేయొచ్చు. అమెరికా దగ్గరికొచ్చేసరికి జిమ్ క్రో, న్యూ డీల్, లిబరల్, ప్రోగ్రెసివ్ అంటూ అన్నీ పెద్ద పెద్ద మాటలు. మొదటి అటెంప్ట్‌లో వాటి నిర్వచనాలు రాసుకుని బట్టీ పట్టాను.

టెస్ట్ సిరీస్‌లో పౌరహక్కుల ఉద్యమం మీద ప్రశ్న వచ్చింది. "మొదటి నుంచీ డెమోక్రాట్లు నల్లజాతి వారి పక్షం" అని ధీమాగా మొదలుపెట్టాను. దిద్దిన సార్ ఆ వాక్యం కింద ఎర్రగా గీత గీసి, పక్కన "మరి లింకన్ ఏ పార్టీ?" అని రాశారు. పదిహేనుకి మూడు మార్కులు.

బానిసత్వానికి ముగింపు పలికిన లింకన్ రిపబ్లికన్. అంతర్యుద్ధం తర్వాత దక్షిణాదిలో నల్లవాళ్ళని ఓటుకి దూరం చేసింది అక్కడి డెమోక్రాట్లే. 1930లలో అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ వల్ల నల్లజాతి ఓటర్లు డెమోక్రాట్ల వైపు వచ్చారు. 1964లో అదే పార్టీకి చెందిన అధ్యక్షుడు జాన్సన్ పౌరహక్కుల చట్టం మీద సంతకం పెట్టాక, దక్షిణాది తెల్లవాళ్ళు మెల్లగా రిపబ్లికన్ల వైపు జరిగారు. పార్టీల పేర్లు అలాగే ఉండగా లోపలి జనం మారిపోయారు. మన రాజకీయాలు చూస్తూ పెరిగినవాణ్ణి, ఈమాత్రం తట్టకపోవడమే విచిత్రం!

అప్పటి నుంచి ప్రతి మాటకీ మూడే రాసుకున్నాను: ఒక సంఘటన, ఒక చట్టం లేదా తీర్పు, దాని వల్ల లాభం అందక బయట మిగిలింది ఎవరు. ఈ మూడోదే మార్కులు తెచ్చింది.

న్యూ డీల్ అంటే 1930ల మాంద్యం నుంచి గట్టెక్కడానికి ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ తెచ్చిన చట్టాలు, పథకాలు. అది నాకు మా ఊరి చిట్టీల వల్ల అర్థమైంది. చిన్నప్పుడు, చిట్టీలు నడిపే ఆయన మునిగిపోయాడని పుకారు లేచింది. మా అమ్మ కూడా చిట్టీ పుస్తకం పట్టుకుని పరుగెత్తింది. తెల్లారేసరికి ఊరంతా ఆయన గేటు ముందే. అందరూ ఒకేసారి అడిగేసరికి ఆయన నిజంగానే మునిగాడు. అమెరికా బ్యాంకులకీ అదే జరిగింది. 1933 మార్చి 4న పదవిలోకి వచ్చిన రూజ్‌వెల్ట్, రెండు రోజులకే దేశంలోని బ్యాంకులన్నీ మూయించాడు. మార్చి 12న రేడియోలో జనానికి విషయం వివరించి, గట్టిగా ఉన్నవాటినే తెరిపించాడు. ఆ ఏడాదే డిపాజిట్లకి బీమా చట్టం వచ్చింది, మొదట్లో 2,500 డాలర్ల వరకు. డబ్బు ఎక్కడికీ పోదని తెలిస్తే ఎవరూ పరుగెత్తరు. మన దగ్గర ఇది 1962లో మొదలైంది, ఇప్పుడు 5 లక్షలు.

ఇక మూడో ప్రశ్న. 1935 సోషల్ సెక్యూరిటీ చట్టం పెన్షన్ ఇచ్చింది కానీ వ్యవసాయ కూలీలనీ ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళనీ వదిలేసింది. దక్షిణాది నల్లవాళ్ళలో ఎక్కువమంది చేసేది ఆ పనులే. ఈ రెండు వాక్యాలు రాస్తే జవాబు బరువే వేరు.

జిమ్ క్రో, అంటే దక్షిణాదిలో నల్లవాళ్ళని వేరుగా, తక్కువగా ఉంచిన చట్టాలు, కూడా ఇలాగే చదవండి. జాతిని బట్టి ఓటు నిరాకరించకూడదని 1870లోనే 15వ సవరణ చెప్పింది. దక్షిణాది రాష్ట్రాలు జాతి మాటే ఎత్తకుండా పోల్ టాక్స్ (ఓటెయ్యాలంటే కట్టాల్సిన పన్ను), అక్షరాస్యత పరీక్ష పెట్టాయి. చదువురాని తెల్లవాడు ఇరుక్కుంటాడు కదా, అందుకని అంతర్యుద్ధానికి ముందు తాతకి ఓటుంటే మనవడికి పరీక్ష అక్కర్లేదన్నాయి. 1965 ఓటు హక్కుల చట్టం దాకా ఈ నాటకం నడిచింది. ట్రస్టులకి (పోటీ లేకుండా మార్కెట్‌ని గుప్పిట్లో పెట్టుకున్న పెద్ద కంపెనీల కూటములు) మాత్రం వాటిని అడ్డుకునే 1890 షెర్మన్ చట్టం, 1911లో చమురు కంపెనీ స్టాండర్డ్ ఆయిల్‌ని ముక్కలు చేసిన తీర్పు చాలు, అరపేజీ మించొద్దు.

తెలుగు మీడియం వాళ్ళకి ఒక మాట. ప్రోగ్రెసివ్‌ని "అభ్యుదయవాది" అని రాసుకుంటే మనకి శ్రీశ్రీ గుర్తొస్తాడు, ట్రస్టుల మీద పోరాడిన అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ రాడు. "ఉదారవాది" కూడా అంతే: 19వ శతాబ్దంలో ప్రభుత్వం జోక్యం వద్దన్నవాడు, న్యూ డీల్ తర్వాత అమెరికాలో కావాలన్నవాడు. ఆ మాటల్ని అలాగే తెలుగు లిపిలో ఉంచుకోవడం మేలు.

1965లోనే వచ్చిన అమెరికా వలస చట్టాన్ని నేను చాలా ఆలస్యంగా చదివాను. అంతకుముందు దేశాలవారీ కోటా కింద భారతీయులకి ఏడాదికి 100 చోట్లే. ఆ కోటాలు పోయాకే మన డాక్టర్లు, ఇంజినీర్లు అంతంతమంది వెళ్ళగలిగారు. న్యూజెర్సీలో ఉన్న మా బాబాయికి ఫోన్‌లో ఇది చెబితే, "అవునా, నాకూ తెలీదురా" అన్నాడు.